మసిలోంచి వచ్చిన పచ్చ



పోయిన భాగంలో మా డిగ్రీ పిల్లల్ని హైదరాబాదు తీసుకుపోయిన సంగతి రాసి, సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసిన చైనా పచ్చ పాత్రల గురించి ఈసారి రాస్తానన్నాను. అది చదివి, ఉద్యమంలో నాకంటే చాలా ముందునుంచీ ఉన్న అన్న ఒకాయన ఫోన్ చేశాడు. "ఏమ్మా, రాజులు పూలు పెట్టుకునే కూజాల మీద మనకేం పని? రాయాల్సినవి అయిపోయినాయా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో, దిగులే ఉంది. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆయనకి జవాబు. పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

ముందు ఆ వస్తువు గురించి చెప్పనివ్వండి. మన గొడవ తర్వాత.

సెలడన్ అనేది యూరప్ వాళ్ళు పెట్టుకున్న పేరు. 17వ శతాబ్దపు ఫ్రెంచి నవల ఒకదానిలో లేతాకుపచ్చ రిబ్బన్లు కట్టుకునే గొర్రెల కాపరి ఉంటాడు, అతని పేరే ఈ రంగుకి అతుక్కుందని ఎక్కువమంది చెప్పే మాట. చేసినవాళ్ళ భాషలో ఇది 'చింగ్‌త్స'. త్స అంటే పింగాణీ. చింగ్ అంటే ఆకుపచ్చ, నీలం కూడా. మనకి 'పచ్చ' అనే ఒక్క మాట పసుపుకీ ఆకుకీ చాలినట్టు, వాళ్ళకి చింగ్ ఆ రెంటికీ చాలుతుంది. ఇది నీలమా ఆకుపచ్చా అని మా పిల్లలు అద్దం ముందు వాదించుకుంటుంటే, ఆ వాదన అక్కడి భాషలో పుట్టదురా అని చెప్పాను.

తూర్పు చైనాలో, జెజియాంగ్ రాష్ట్రపు కొండల్లో లోంగ్‌చ్వాన్ అనే చోటు ఉంది. దక్షిణ సోంగ్ వంశం ఏలిన 12, 13 శతాబ్దాల్లో అక్కడ చేసిన పూలకూజాలు ఈ పనికే తలమానికం. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన రూపం ఒకటుంది. గొట్టంలా నిటారుగా నిలబడ్డ మెడ, పలకగా తిరిగిన భుజం, కింద కుదురుగా కూర్చున్న ఒళ్ళు. అంతే. మీద బొమ్మ లేదు, తీగె లేదు, బంగారు గీత లేదు. పశ్చిమాసియా గాజు సీసాల రూపం చూసి దీన్ని చేశారని పండితులు అంటారు. ఇవి ఓడలెక్కి జపాను పోయినాక అక్కడివాళ్ళు ముద్దుగా 'కినుత' అని పిలుచుకున్నారు. కినుత అంటే ఏంటో తెలుసా? ఉతికిన బట్ట మెత్తబడేలా బాదే కొయ్య సుత్తి. జపాను దొరలు ప్రాణంగా దాచుకున్న కూజాకి బట్టలు బాదే కొయ్య పేరు వచ్చింది. మన ప్రబంధ కవికి ఈ పోలిక తట్టేదా అని నాకు అనుమానం.

దాని పైపూత గురించి చెప్పాలి. గ్లేజు అంటారు కదా, మంటకి కరిగి గాజులా పాత్రకి అతుక్కునే పూత, దీంట్లో అది చాలా మందం. పూసి ఆరబెట్టి, మళ్ళీ పూసి ఆరబెట్టి, పొర మీద పొర వేస్తారు. కొన్ని పాత్రల్లో లోపలి మట్టిగోడ కంటే పూతే లావు. ఆ పొరల్లో సన్నటి గాలిబుడగలు, పూర్తిగా కరగని రేణువులు చిక్కుకుని ఉంటాయి. మీద పడ్డ వెలుతురు అద్దం మీద జారినట్టు జారిపోదు. లోపలికి దిగి, వాటికి తగిలి చెదిరి, మెత్తబడి బయటికి వస్తుంది. అందుకే ఈ కూజా తళతళలాడదు. తెల్లారకముందు చెరువు నీళ్ళలోకి చూస్తున్నట్టు ఉంటుంది. లోంగ్‌చ్వాన్‌లో దీంట్లో రెండు మేలురకాలు చెప్పుకుంటారు. ఒకటి పొడి కలిపినట్టుండే నీలిపచ్చ, రెండోది పచ్చి ప్లమ్ కాయ రంగు.

ఈ రంగు ఎక్కడిది? వాన వెలిశాక మబ్బు విడిన చోట కనపడే ఆకాశం రంగు నాకు కావాలని ఒక చక్రవర్తి అడిగాడని చైనాలో కథ. అడగడానికేముంది, మన రాజులూ అడిగారు చాలా. తెచ్చిపెట్టినవాళ్ళు ఎట్లా తెచ్చారన్నది కథలో ఉండదు. నేను వెతికి చదువుకున్నది అదే.

రంగంతా ఇనుముది మిత్రులారా. మేకుకి పట్టే తుప్పులో ఉండే ఇనుమే. పూతలో నూటికి ఒకటి రెండు పాళ్ళు ఉంటే చాలు. తెల్ల పింగాణీ చేసేవాళ్ళకి ఇనుము శత్రువు. ఏ మట్టిలో అది తక్కువో వెతికి తెచ్చుకుంటారు, ఉన్నది కడిగేస్తారు, ఎందుకంటే అది తెలుపుని చెడగొడుతుంది. సెలడన్ చేసేవాళ్ళు దాన్ని ఉండనిచ్చారు. ఉండనివ్వడమే కాదు, లోంగ్‌చ్వాన్ కొండల్లో దొరికే ఇనుము ఎక్కువున్న ఊదారంగు మట్టిని కోరి కలిపారు.

అయితే ఇనుము ఊరికే పచ్చబడదు. ఆవంలోకి గాలి బాగా ఆడితే అదే పూత పసుపుగానో గోధుమరంగుగానో తేలుతుంది. పచ్చ రావాలంటే సరైన సమయంలో గాలి బిగబట్టాలి. కట్టె ఎక్కువేసి, గాలి తగ్గించి, ఆవం నిండా పొగ కమ్మించాలి. ఊపిరాడని మంట పక్కనున్న ఇనుములోంచి ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. అప్పుడు ఆ తుప్పు ఎరుపు పోయి ఈ నీలిపచ్చ వస్తుంది. గాలి ఒక పిసరు ఎక్కువైనా రంగు పోయింది, వేడి ఒక పిసరు తక్కువైనా పూత కరగలేదు. యునెస్కో 2009లో లోంగ్‌చ్వాన్ కాల్పు విద్యని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, వేడి 1310 డిగ్రీల దాకా పోతుందని రాసుకుంది. అప్పటి కుమ్మరి దగ్గర థర్మామీటరు లేదు. మంట రంగు చూసి చెప్పాలి. ఆవంలో పెట్టిన చిన్న పరీక్ష ముక్కని కొక్కెంతో బయటికి లాగి చూసి చెప్పాలి.

నేను ఇక్కడ ఆగిపోయాను. నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో. కావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని చదివాను, పాఠం చెప్పాను, పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా కూడా ఇచ్చాను. నగరం, సముద్రం, చంద్రోదయం, జలక్రీడ అన్నీ ఉన్నాయి అందులో. పనిచేసే చోటు ఒక్కటీ లేదు. అందం అంటే కడిగి తుడిచి మైల లేకుండా చేసినదని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. శుద్ధి అన్న మాట లేకుండా ఈ దేశంలో ఎవరూ సౌందర్యం గురించి మాట్లాడలేదు, మమ్మల్ని దూరంగా నిలబెట్టిందీ ఆ మాటే. ప్రపంచంలో ఇంతమంది నిర్మలం అని మెచ్చుకున్న ఒక రంగు తుప్పులోంచీ పొగలోంచీ వచ్చిందని తెలిసినప్పుడు నాకు ఎట్లా ఉంటుందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ఆ చేతులు. కొండరాయిని తవ్వి తేవాలి. ఏటినీటితో ఆడే రోకళ్ళ కింద దాన్ని పిండి చేయాలి. తొట్లలో కలిపి, తేర్చి, నలకలు తీసి, తొక్కి, పిసికి, సారె మీదికి ఎక్కించాలి. పాత్రల మీద బూడిద రాలకుండా ఒక్కోదానికి మట్టిపెట్టె చేయాలి. ఆవం కొండవాలు మీద పాములా పాకి ఉంటుంది, వాళ్ళు డ్రాగన్ అంటారు, పదుల మీటర్ల పొడవు. కింద నోట్లో మంట పెడితే వేడి పైకి పాకుతుంది. పక్కల బొక్కల్లోంచి వరసగా కట్టె అందిస్తూ పోవాలి. ఒక కాల్పుకి వేల పాత్రలు ఎక్కేవి. వంకరపోయినవి, అతుక్కుపోయినవి, రంగు తిరిగినవి కుప్పలు కుప్పలు. హాంగ్‌చౌలో దక్షిణ సోంగ్ రాజ ఆవం బయటపడిన చోట, దర్బారుకి పనికిరావని పగలగొట్టి పూడ్చిన పెంకుల గుంటలే దొరికాయి.

అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఎన్నిసార్లు కాల్చినా రంగు రాకపోతే, గడువు దాటితే తండ్రికి శిక్ష తప్పదని, కుమ్మరి కూతురు ఆవంలోకి దూకింది, పాత్రలు పచ్చగా వచ్చాయి, ఆమె దేవత అయింది. వినగానే నాకు కట్టమంచి 'ముసలమ్మ మరణం' గుర్తొచ్చింది. చెరువుకట్ట నిలవడానికి కోడలు నీళ్ళలోకి నడిచిపోయే కథ. కట్టకైనా కూజాకైనా ఆడపిల్లనే అడుగుతారు. ఇట్లాంటి కథని త్యాగం పేరుతో పాఠం చెప్పడం నేను మానేసి చాలాకాలమైంది. పోనీ కథే కదా అనుకుందామన్నా, 1599లో చింగ్‌తెచెన్ రాజ ఆవాల దగ్గర థోంగ్ పిన్ అనే కుమ్మరి నిజంగానే మంటల్లోకి దూకి చచ్చిపోయాడు. అక్కడ చేసేది సెలడన్ కాదు, చక్రవర్తి అడిగిన డ్రాగన్ బొమ్మల పెద్ద తొట్లు. అవి కుదరక, పైనుంచి దర్బారు నపుంసక అధికారి పెట్టే బాధ పడలేక దూకాడు. తర్వాత అతనికి గుడి కట్టి ఆవాల దేవుణ్ణి చేశారు. చంపి దణ్ణం పెట్టడం మన ఒక్కళ్ళ విద్యే కాదన్నమాట.

మన కులాన్ని తీసుకుపోయి చైనాకి తగిలిస్తున్నానని మిత్రులు అనుకోవచ్చు. లేదు. మంగోలు యువాన్ పాలకులు చేతిపనివాళ్ళ కుటుంబాల్ని విడిగా చిట్టాకెక్కించి, తండ్రి పని కొడుకు చేయాల్సిందేనన్నారు. మింగ్ వాళ్ళు దాన్ని కొనసాగించారు. 1645లో చింగ్ ప్రభుత్వం ఆ చిట్టాని ఎత్తేసింది. అంటే అది ప్రభుత్వం పెట్టిన కట్టు, ప్రభుత్వం తీసేసింది. ముట్టుకుంటే మైల అన్న శాస్త్రం ఆ చిట్టాకి లేదు. అట్లాగని చైనా స్వర్గమూ కాదు. ఇదే జెజియాంగ్‌లో 'త్వోమిన్' అని, పడిపోయిన జనం అని పిలిచి తరతరాలు వెలివేసిన వాళ్ళున్నారు. 1723లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి ఉత్తర్వుతో కాగితం మీద ఆ ముద్ర పోయింది. కాగితం మీద పోవడానికీ ఊళ్ళో పోవడానికీ ఉన్న దూరం మనకి ఒకరు చెప్పాలా.

పేర్ల సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో డేవిడ్ సేకరణలో పెద్ద లోంగ్‌చ్వాన్ గుడికూజా ఒకటుంది. ఆ జతని చాంగ్ చిన్‌చెంగ్ అనే బౌద్ధ భక్తుడు తన కుటుంబం చల్లగా ఉండాలని గుడికి సమర్పించినట్టు దాని మీదే రాసి ఉంది. 1327 నాటిది. గుడి పుణ్యమా అని ఆ పేరు బతికింది. మిగతా వేల పాత్రల దగ్గర వంశం పేరు ఉంటుంది, కొన్న ధనికుడి పేరు ఉంటుంది, ధర ఉంటుంది. 2017లో హాంకాంగ్ వేలంలో ఉత్తర సోంగ్ కాలపు రూ పాత్ర, కుంచెలు కడుక్కునే 13 సెంటీమీటర్ల గిన్నె, 29 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. సారె తిప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. మనకి ఒక పేరు మిగిలితే దాన్నీ కులంతో కలిపి 'కుమ్మరి మొల్ల' అన్నాం. శ్రీనాథుడి కులం తెలిసినవాళ్ళు కూడా దాన్ని పేరు ముందు పెట్టి పిలవలేదు.

చైనాలో ఈ మరుపుని కొంతైనా విప్పింది ఛెన్ వాన్‌లీ. చదివింది వైద్యం. 1928 నుంచి మళ్ళీ మళ్ళీ లోంగ్‌చ్వాన్ కొండలెక్కి, పాడుబడ్డ ఆవాల దగ్గర పెంకులు ఏరాడు. అప్పటిదాకా పండితులు పుస్తకాల్లో మాట చూసి పాత్రని నిర్ణయించేవాళ్ళు. ఈయన పెంకు చూసి పుస్తకాన్ని సరిచూశాడు. మాలాంటివాళ్ళం మా చరిత్ర రాయాలంటే చేయాల్సింది ఈ పనే కదా, మా గురించి పుస్తకాల్లో ఏముంది కనక. 1957లో చౌ ఎన్‌లై పాత ఆవాల్ని మళ్ళీ వెలిగించమన్నప్పుడు, ఈ విద్య ఊళ్ళో మిగిలిన ముసలి కుమ్మరుల చేతుల్లోంచే తిరిగొచ్చింది.

ఆ పెంకులు మన దాకా వచ్చాయి. పాత నెల్లూరు జిల్లా తీరాన కొత్తపట్నంలో తవ్వితే చైనా పింగాణీ ముక్కలు, వాటిలో ఈ పచ్చవీ దొరికాయి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో సముద్ర వర్తకులకి అభయశాసనం వేయించిన కాలం చుట్టుపక్కలది ఆ వ్యాపారం. ఆ ఓడల్లోంచి గంపలు దించినవాళ్ళెవరో నేను ఊహించగలను. గంపలోది ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు మాత్రం వాళ్ళు కాదు.

తెచ్చుకున్న నవాబులు, సుల్తానులు దీన్ని 'ఘోరీ' అన్నారు. విషం కలిసిన అన్నం పెడితే ఈ పళ్ళెం పగులుతుందని, రంగు మారుతుందని నమ్మారు. ఇస్తాంబుల్ తోప్‌కాపీ కోటలో వెయ్యికి పైగా సెలడన్ పాత్రలు పోగుపడ్డాయంటే ఈ నమ్మకమూ ఒక కారణమని చెబుతారు. సాలార్‌జంగ్‌లో మా పిల్లలకి అన్నిటికంటే నచ్చిందీ ఇదే. "నిజంగా పగులుద్దా మేడమ్?" అని ఒకడు. పగలదురా, గాజుపూతకి విషమూ పాయసమూ ఒకటేనన్నాను. పొగలో కళ్ళు పోగొట్టుకుని ఆ రంగు తెచ్చినవాడికి ఈ సంగతి తెలిస్తే నవ్వి ఉండేవాడు.

అప్పుడు ఇంకో అమ్మాయి అంది, "మా జేజికి రెడ్ల ఇంట్లో చూరులో కప్పు ఉండేదంట మేడమ్". తనకి తెలియదు, మా అమ్మమ్మకీ ఉండేది. నాట్లకి పోయే ఆసామి ఇంట్లో, గొడ్లసావిడి గూట్లో, చెవి విరిగి అంచు పగిలిన తెల్ల పింగాణీ కప్పు. ఇత్తడి చెంబయితే చింతపండుతో తోమి శుద్ధి చేసుకోవచ్చు, అందుకని అది లోపల. పగిలింది బయట. చండాలుడు పగిలిన పాత్రలో తినాలని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసిన మాట ఆ గూటిదాకా రెండువేల ఏళ్ళు నడిచొచ్చింది. నవాబు అన్నంలో విషముందేమోనని భయపడ్డాడు. ఆసామి భార్య మా అమ్మమ్మ పెదాల్లోనే ఉందని భయపడింది.

మా ఊరి కుమ్మరాయన దగ్గరా అంతే. మిగతావాళ్ళు కుండని వేలితో తట్టి, ఖంగుమంటే కొనుక్కునేవాళ్ళు. మేం తట్టకూడదు, ఆయన తీసిచ్చిందే మాది. ఆయనది చేతిపనిలో బతికే కులమే, మా నోటి ముందు కూడుని తక్కువ చేసిన కులాల్లో అదీ ఒకటి. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల మెట్ల అసమానత ఇదే. థాంగ్ కాలంలో చైనాలో సంగీతకారుడొకడు ఇట్లాంటి గిన్నెలు పన్నెండు పేర్చి పుల్లలతో వాయించేవాడని చదివినప్పుడు నాకు సంగీతం గుర్తుకి రాలేదు, మా అమ్మ వెనక్కి పెట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

టోక్యో జాతీయ మ్యూజియంలో లోంగ్‌చ్వాన్ గిన్నె ఒకటుంది. 15వ శతాబ్దంలో అది అషికాగా యోషిమాసా అనే షోగున్ దగ్గర పగుళ్ళిచ్చింది. ఇలాంటిదే ఇంకోటి పంపమని చైనాకి పంపిస్తే, ఇంత మంచిది ఇప్పుడు చేయలేమని, అదే గిన్నెకి ఇనుప కుట్లు వేసి తిప్పి పంపారని జపానులో చెప్పుకుంటారు. కుట్లు మిడతల్లా ఉన్నాయని దాన్నే పేరు చేసుకున్నారు. కుట్లతోనే దాని విలువ పెరిగింది. నేను దాని ఫొటో మా అమ్మకి ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసి, "అమ్మ కప్పుకి కూడా ఇక్కడే పగులుండేది" అని అంచు మీద వేలు పెట్టింది. మళ్ళీ తనే, "ఇది ఎంత బాగుందే" అంది.

అన్నా, మీరు అడిగినదానికి నా జవాబు మా అమ్మ ఆ రెండో మాట. ఆ మాట అనడానికి ఆవిడకి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మొదటి మాట మింగేసి రెండోది అనలేదు, రెండూ ఒకే గొంతుతో అంది. మనం సభల్లో మొదటి మాట ఒక్కటే మాట్లాడుతున్నాం. అది మానమని నేను అనను. రెండోదాన్ని వాళ్ళకి వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను. కొండ తవ్వి, పొగ మింగి, మంట రంగు చదివి ఆ పచ్చని తెచ్చింది పనిచేసే చేతులైనప్పుడు, దాని ముందు నిలబడి చూడ్డానికి పనివాళ్ళ పిల్లలు మొహమాటపడడం ఏంటి?

సెలడన్ పాత్రకి అడుగున పూత తుడిచేస్తారు, లేకపోతే ఆవంలో కిందికి అతుక్కుపోతుంది. పూత లేని ఆ అంచు దగ్గర మట్టిలోని ఇనుము మళ్ళీ గాలి తగిలి ఎర్రబారుతుంది. పైనంతా పచ్చ, పాదం మాత్రం ఇటుక రంగు. ఈ ముక్క చెప్పగానే మావాడొకడు సంచి పక్కన పడేసి, గాజు అర కింద నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. కాపలా పెద్దాయన పరిగెత్తుకొచ్చి, "ఏం బాబూ, ఏమన్నా పడిపోయిందా?" అని అడిగాడు. "లేద్సార్, ఎర్రగా ఉందో లేదో చూస్తున్నాం" అన్నాడు వాడు కిందినుంచే. పెద్దాయన ఒక్క క్షణం మా వంక చూసి, తనూ మోకాళ్ళ మీద వంగాడు.